తక్కువ క్లింకరు సిమెంటుకు దారి ఇవ్వడం: ఒక కాంక్రీటు స్పెసిఫికేషన్ సవరణపై కేస్ స్టడీ

ఈ కేసు ఒక ప్రజాపనుల సంస్థది. వంతెనలు, నీటి నిర్మాణాలు, కార్యాలయ భవనాలు కట్టించే ఆ సంస్థకు కాంక్రీటు పనుల కోసం సొంత ప్రామాణిక స్పెసిఫికేషన్ ఉంది. జాతీయ ప్రమాణాన్ని ఆధారం చేసుకొని, కొన్ని చోట్ల దానికంటే కఠినంగా రాసుకున్న పత్రం అది. ప్రతి టెండరుకూ జతపడుతుంది కాబట్టి, ఆ సంస్థ పోయించే కాంక్రీటంతటికీ అదే కట్టుబాటు. దాన్ని సవరించడానికి ఏర్పాటైన కమిటీకి నేను సాంకేతిక సలహాదారుగా పనిచేశాను. సంస్థ, ప్రాంతం, ఉత్పత్తిదారులు, ప్రాజెక్టుల పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొలతలను కూడా వదిలేశాను. తక్కువ కార్బన్ సిమెంటు వాడకానికి అసలు అడ్డంకి మనం అనుకునే క్లాజులో ఉండదని ఈ కేసు స్పష్టంగా చూపింది కాబట్టి దీన్ని రాసిపెడుతున్నాను.

నేపథ్యం

సిమెంటుకు మూలమైన క్లింకరు తయారీలో సున్నపురాయి ప్రధానంగా ఉన్న ముడిసరుకును సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వరకు కాలుస్తారు. అప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడులో దాదాపు 60 శాతం ఇంధనం నుంచి కాక, సున్నపురాయి విడిపోవడం వల్లనే వస్తుంది. బట్టీకి ఏ ఇంధనం వాడినా ఆ భాగం తగ్గదు. అందుకే ప్రపంచ ఉద్గారాలలో 7 నుంచి 8 శాతం వరకు ఉన్న సిమెంటు వాటాను తగ్గించడానికి వెంటనే అందుబాటులో ఉన్న మార్గం సిమెంటులో క్లింకరు పాలును తగ్గించడమే. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) చాలాకాలంగా ఆ పని చేస్తున్నాయి. అయితే బొగ్గు విద్యుత్ కేంద్రాలు మూతపడుతున్న చోట ఫ్లై యాష్, ఉక్కు తయారీ విద్యుత్ కొలిములకు మారుతున్న చోట స్లాగ్ తగ్గిపోతున్నాయి. వాటి స్థానంలోకి వస్తున్నది కాల్చిన బంకమట్టి. కేయోలినైట్ అనే ఖనిజం తగినంత ఉన్న మట్టిని 700 నుంచి 850 డిగ్రీల మధ్య కాల్చి, మెత్తని సున్నపురాయి పొడితో కలిపి వాడితే, క్లింకరు 50 శాతానికి దిగినా 28 రోజుల బలం సాధారణ సిమెంటుకు దగ్గరగా వస్తుంది. ఎల్‌సీ3 అని పిలిచే ఈ మిశ్రమంలో సాధారణంగా 50 శాతం క్లింకరు, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం ఉంటాయి.

సిమెంటు ప్రమాణాలు ఈ మార్పును గుర్తించడం మొదలుపెట్టి కొంతకాలమైంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ595 లో 15 శాతం వరకు సున్నపురాయి ఉన్న రకం 2012లో చేరింది. ఐరోపాలో ఈఎన్ 197-5 ప్రమాణం 2021లో వచ్చి, క్లింకరు 50 శాతం వరకు తగ్గిన మిశ్రమ సిమెంటుకు చోటిచ్చింది. బ్రిటన్‌లో బీఎస్ 8500 ను 2023లో సవరించారు. భారతదేశంలో కాల్చిన మట్టి, సున్నపురాయి సిమెంటుకు ఐఎస్ 18189 అదే ఏడాది వెలువడింది. అయితే సిమెంటు ప్రమాణం ఏ సరుకును ఏ పేరుతో అమ్మవచ్చో మాత్రమే చెబుతుంది. ఆ సరుకును ఏ కట్టడంలో, ఏ షరతులతో పోయవచ్చో చెప్పేది కాంక్రీటు ప్రమాణం, దాని కింద ఆయా సంస్థలు రాసుకున్న స్పెసిఫికేషన్లు. మొదటి మెట్టు దాటిన సిమెంటు రెండో మెట్టు దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోవచ్చు. మా కేసులో జరిగింది అదే.

సమస్య ఎలా బయటపడింది

ఒక భవనపు రాఫ్ట్ పునాదికి (భవనం కింద పరిచే మందమైన కాంక్రీటు పలకకు) కాల్చిన మట్టి సిమెంటు వాడతామని గుత్తేదారు ప్రతిపాదించాడు. ఎంపిక సబబైనదే. మందమైన పునాదిలో సిమెంటు చర్యల వేడి ఎక్కువై లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటితే, తర్వాతి కాలంలో ఎట్రింజైట్ అనే స్ఫటికం ఆలస్యంగా ఏర్పడి కాంక్రీటు ఉబ్బి పగిలే ప్రమాదం ఉంటుంది. క్లింకరు తగ్గితే ఆ వేడీ తగ్గుతుంది. పునాది మీద పూర్తి భారం పడేది నెలల తర్వాత. సిమెంటుకు ప్రమాణ ధ్రువీకరణ ఉంది, ట్రయల్ మిక్స్‌తో పోసిన క్యూబులు (కాంక్రీటు ఘనాలు) బల పరీక్షలో నిలిచాయి. అయినా ప్రతిపాదన తిరస్కరణకు గురైంది.

తిరస్కరణ పత్రంలో మొదటి కారణం ఆ సిమెంటు అనుమతించిన జాబితాలో లేకపోవడం. అందరి దృష్టీ దాని మీదే పడింది. జాబితాలో ఒక వరుస చేర్చితే సమస్య తీరుతుందన్నది సంస్థ అంచనా. మా కమిటీకి మొదట అప్పగించిన పని కూడా అంతే.

ఒక వరుస చేర్చడం

జాబితా సవరణ త్వరగానే ఆమోదం పొందింది. తర్వాత వచ్చిన ప్రతిపాదనలు మళ్లీ ఆగిపోయాయి, ఈసారి వేరే కారణాలతో. వాటిని వరుసగా చదివితే ఆ పత్రం ఎలా తయారైందో అర్థమయింది.

ఘనమీటరుకు కనీస సిమెంటు పరిమాణం ఒక అడ్డంకి. ఒక మిశ్రమానికి బలం రీత్యా, నీటి నిష్పత్తి రీత్యా 290 కిలోలు చాలినా, పట్టికలో 340 ఉంటే 340 వేయాల్సిందే. 95 శాతం క్లింకరు ఉన్న సిమెంటుతో, టన్ను క్లింకరుకు 0.85 టన్నుల కార్బన్ డయాక్సైడు అని లెక్కవేస్తే, అదనపు 50 కిలోల వల్ల ఘనమీటరుకు సుమారు 40 కిలోల ఉద్గారం పెరుగుతుంది. ఎవరూ కోరని, ఎవరికీ ఉపయోగపడని 40 కిలోలు అవి. పైగా పేస్టు పెరిగితే కుంచించుకుపోవడమూ వేడీ పెరుగుతాయి కాబట్టి, ఒక హద్దు దాటాక ఎక్కువ సిమెంటు మన్నికకు మేలు కంటే కీడే చేస్తుంది.

నీటి-సిమెంటు నిష్పత్తిలో 'సిమెంటు' అంటే ఏమిటన్నది మరో చిక్కు. ఐరోపా కాంక్రీటు ప్రమాణం ఈఎన్ 206 లోని కె-విలువ పద్ధతినే ఈ సంస్థ కూడా అనుసరించింది. ఆ పద్ధతిలో మిక్సర్ దగ్గర సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కలిపే ఫ్లై యాష్‌ను 0.4 వంతుగానే సిమెంటు కింద లెక్కిస్తారు. 260 కిలోల సిమెంటు, 80 కిలోల ఫ్లై యాష్, 160 లీటర్ల నీరు తీసుకుందాం. ఇవి ఫ్యాక్టరీలో కలిసి ఒకే సిమెంటుగా వస్తే నిష్పత్తి 160ని 340తో భాగించగా 0.47. అవే పదార్థాలు బ్యాచింగ్ ప్లాంటులో కలిస్తే హారం 260కి 32 కలిపి 292 అవుతుంది, నిష్పత్తి 0.55కు చేరుతుంది. గరిష్ఠ పరిమితి 0.50 ఉన్న చోట మొదటిది నెగ్గుతుంది, రెండోది వీగిపోతుంది. గట్టిపడిన తర్వాత రెండింటి మధ్య పెద్ద తేడా ఉండదు. ఈ నియమం అర్థం లేనిది కాదు. ఫ్యాక్టరీలో రుబ్బడం, జిప్సం సర్దడం, నాణ్యత చూడడం ఒకే చేతి కింద జరుగుతాయి, ప్లాంటులో ఆ హామీ లేదు. కాకపోతే ఆ హామీని ఇంకో రకంగా అడగడానికి పత్రంలో చోటు లేదు.

28 రోజుల బలం, షట్టరింగు విప్పే కనీస రోజులు, క్యూరింగ్ కాలం కూడా పక్కనే కాచుకుని ఉన్నాయి. వీటిలో ప్రతిదీ సాధారణ సిమెంటు గట్టిపడే వేగాన్ని మనసులో పెట్టుకొని రాసిందే; ఆ మాట మాత్రం ఏ క్లాజులోనూ లేదు. అందువల్ల జాబితాలోకి కొత్త సిమెంటు వచ్చినా, మిగతా క్లాజులన్నీ పాత సిమెంటునే కోరుతూ ఉండిపోయాయి.

అంతా పనితీరు మీదే పెట్టడం

ఈ అనుభవంతో కమిటీలో ఒక వర్గం రెండో కొసకు వెళ్లింది. సిమెంటు జాబితా, కనీస పరిమాణం, నిష్పత్తి అన్నీ తీసివేసి, కాంక్రీటు నుంచి కోరే పనితీరును మాత్రమే రాయాలన్నది వారి వాదన: ఇంత బలం, ఇంత క్లోరైడు (ఉప్పు) నిరోధం, ఇంత కార్బొనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటులోకి చొరబడి దాని క్షారాన్ని తగ్గించడం) నిరోధం. లోపల ఏముందన్నది ఉత్పత్తిదారుడి ఇష్టం. సిద్ధాంతపరంగా ఇది చక్కని వాదన. ఏఎస్‌టీఎం సీ1157 అనే పనితీరు ఆధారిత సిమెంటు ప్రమాణం 1992 నుంచే ఉంది కూడా. ముసాయిదా తయారై, కొన్ని పనులకు ప్రయోగాత్మకంగా జతపడింది.

అది నిలవలేదు. సైటులో నమూనా తీసిన ఇంజినీరుకు ఆ రోజు ఏదో ఒకటి తేల్చే ఆధారం కావాలి. క్లోరైడు చొచ్చుకుపోయే వేగం వారాల తర్వాత వస్తే, అప్పటికి ఆ స్తంభం మీద రెండు అంతస్తులు లేచి ఉంటాయి. పాత పత్రంలోని నిష్పత్తి, కనీస పరిమాణం లోపభూయిష్టమైనవే అయినా బ్యాచ్ రసీదు చూసి అక్కడికక్కడే సరిచూడగలిగినవి. ఆ పట్టు తీసేసి, బదులుగా ఏమీ ఇవ్వకపోవడంతో పర్యవేక్షకులు తమంతట తామే పాత విలువలను ఆమోద లేఖల్లో షరతులుగా రాయడం మొదలుపెట్టారు. పత్రం నుంచి తీసేసిన క్లాజులు లేఖల రూపంలో తిరిగివచ్చాయి, అదీ ఒక్కో సైటులో ఒక్కో విధంగా. వారిని తప్పుపట్టలేం. సంతకం వారిది.

పరీక్షల ఎంపికలో మరో లోతైన ఇబ్బంది ఎదురయింది. ముసాయిదా క్లోరైడు నిరోధానికి ఏఎస్‌టీఎం సీ1202 పరీక్షను తీసుకుంది. 60 వోల్టుల కింద 6 గంటలపాటు నమూనా గుండా ప్రవహించిన విద్యుదావేశాన్ని కూలంబులలో కొలిచే పరీక్ష ఇది. 100 నుంచి 1000 మధ్య వస్తే 'చాలా తక్కువ' అన్న తరగతిలో పడుతుంది. అయితే ఆ ఆవేశం రంధ్రాల నిర్మాణం మీదే కాక, రంధ్రాల్లోని ద్రవపు వాహకత మీద కూడా ఆధారపడుతుంది. కాల్చిన మట్టి, ఫ్లై యాష్ వంటివి ఆ ద్రవంలోని క్షారాలను తగ్గిస్తాయి కాబట్టి, వాటితో చేసిన కాంక్రీటు నిజంగా బాగున్న దానికంటే ఇంకా బాగున్నట్టు కనిపిస్తుంది. కొత్త పదార్థం పట్ల అనుమానంతో ఉన్న సభ్యుడికి ఇది తెలిస్తే, ఆ ఒక్క పరీక్షనే కాదు, దానితోపాటు వచ్చిన ఆధారాలన్నిటినీ పక్కన పెడతాడు. కమిటీలో అదే జరిగింది.

కార్బొనేషన్ పరీక్షలో పొరపాటు ఎదురు దిశలో ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడు 0.04 శాతం వరకే ఉంటుంది. వేగవంతం చేసిన పరీక్షల్లో దాన్ని 3 శాతం లేదా అంతకంటే ఎక్కువకు పెంచుతారు. నిదానంగా చర్య జరిపే బైండరు (సిమెంటు, దానితో కలిపిన పొడులు) ఉన్న నమూనాను 28 రోజులకే ఆరబెట్టి ఆ గదిలో పెడితే, దాని రంధ్రాలు ఇంకా మూసుకుపోక ముందే పరీక్షించినట్టవుతుంది. ఫలితం అసలు ప్రవర్తన కంటే చెడుగా వస్తుంది. ఒకే కాంక్రీటును ఒక పరీక్ష ఎక్కువగా మెచ్చుకొని, ఇంకోటి ఎక్కువగా తప్పుపడితే, వాటి మీద ఆధారపడి ఏ పరిమితి రాసినా వివాదం తప్పదు.

క్లాజు ఏ ప్రమాదాన్ని కాపలా కాస్తోంది

ముసాయిదాను ఉపసంహరించుకున్న తర్వాత పనిని వేరే చివర నుంచి మొదలుపెట్టాం. కొత్త సిమెంటు గురించి మాట్లాడటం ఆపి, పాత పత్రంలో కాంక్రీటును తాకే ప్రతి క్లాజు పక్కన ఒకే ప్రశ్న రాశాం: ఇది ఏ ప్రమాదాన్ని ఆపడానికి ఇక్కడ ఉంది? సమాధానాలు వృద్ధ ఇంజినీర్ల దగ్గర, పాత ఉత్తర ప్రత్యుత్తరాల్లో దొరికాయి. ఈ దశ విసుగు పుట్టించేదే అయినా ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది.

కనీస సిమెంటు పరిమాణం వెనుక మూడు భయాలు కలిసి ఉన్నాయని అక్కడ తేలింది. నీరు పెంచకుండానే కాంక్రీటును జారేలా చేసే సూపర్‌ప్లాస్టిసైజర్లు లేని కాలంలో తగినంత పేస్టు లేకపోతే కాంక్రీటు ఊచల మధ్యకు వెళ్లేది కాదు; బకెట్లతో కొలిచే సైటులో తక్కువ పడే అవకాశానికి కొంత అదనం కావాల్సి వచ్చేది; కార్బొనేషన్‌ను అడ్డుకోవడానికి తగినంత క్షార నిల్వ ఉండాలి. మొదటి భయానికి ఇప్పుడు స్లంప్ (కాంక్రీటు జారుడు) పరీక్ష, మిశ్రమ సంకలనాలు సమాధానం. రెండోదానికి కంప్యూటర్ బ్యాచింగ్ రసీదు సమాధానం. మూడోది మాత్రం ఇప్పటికీ నిజమైన భయమే. పైగా కొత్త సిమెంటు విషయంలో అది పెరుగుతుంది కూడా. క్లింకరు తగ్గితే కార్బన్ డయాక్సైడును పట్టి ఉంచే కాల్షియం నిల్వ తగ్గి, ఇతర విషయాలు సమానంగా ఉంటే కార్బొనేషన్ వేగంగా లోపలికి పోతుంది.

ఇలా విడగొట్టాక వాదన స్వభావమే మారిపోయింది. 'కనీస పరిమాణం తీసేయాలా వద్దా' అన్న ప్రశ్నకు ఎన్ని సమావేశాలైనా తేలని ఏకాభిప్రాయం, 'ఈ మూడు భయాలకు మూడు వేరు వేరు కాపలాలు పెడదామా' అన్నప్పుడు కుదిరింది. పాత క్లాజును కొట్టేయాలనుకున్నవారికీ ఉంచాలనుకున్నవారికీ మధ్య తగాదా నిజానికి క్లాజు గురించి కాదు. మూడో భయానికి ఎవరు పూచీ అన్నదాని గురించి.

కార్బొనేషన్ ప్రమాదం అన్ని చోట్లా ఒకటి కాదు. పొడిగా ఉండే లోపలి భాగాల్లో కార్బొనేషన్ లోతుగా పోయినా తేమ లేక ఊచలు తుప్పు పట్టవు. ఎప్పుడూ నీటిలోనో తడి నేలలోనో ఉండే భాగంలో కార్బన్ డయాక్సైడు చొరబాటే అంతంత మాత్రం. తడుస్తూ ఆరుతూ ఉండే, తక్కువ కవరు (ఊచల మీద ఉండే కాంక్రీటు మందం) ఉన్న సన్నని భాగాల దగ్గరే అసలు ప్రమాదం. క్లోరైడు ఉన్న పరిసరాల్లో కాల్చిన మట్టి సిమెంటు సాధారణ సిమెంటు కంటే మెరుగ్గా పనిచేస్తుంది. దాని రంధ్రాలు మరీ సన్ననివి, అల్యూమినా క్లోరైడును కొంత బంధిస్తుంది కూడా. అందుకని కొత్త పత్రంలో సిమెంటును మొత్తంగా అనుమతించడమో నిషేధించడమో కాకుండా, భాగం రకాన్నీ పరిసరాల తరగతినీ బట్టి అనుమతించాం. పునాదులు, పైళ్లు, నేలలోని గోడలు, సముద్రపు నీరు తగిలే పియర్లు (వంతెన స్తంభాలు) ముందు వరుసలో నిలిచాయి. సన్నని బయటి పలకలు, ఇరుకు కవరు ఉన్న ముఖభాగాలు ఆఖరున.

రెండు దారులు ఉంచడం ఇంకో నిర్ణయం. మొదటి దారి పట్టిక: ప్రతి తరగతికి గరిష్ఠ నీటి-బైండరు నిష్పత్తి, తగ్గించిన కనీస బైండరు, కనీస కవరు. బైండరు అంటే ఏమిటో పత్రం మొదటి పేజీలోనే నిర్వచించాం. రెండో దారి సమాన పనితీరు: పట్టికకు బయట ఉన్న మిశ్రమం, అదే తరగతిలో పట్టిక ప్రకారం చేసిన ప్రామాణిక కాంక్రీటుతో పక్కపక్కన పరీక్షల్లో నిలిస్తే అనుమతి. స్థిర పరిమితికి బదులు పోలిక పెట్టడానికి కారణం ఉంది. ఒక్కో ప్రయోగశాల ఒక్కో విలువ ఇచ్చినా, అదే రోజు, అదే గదిలో, అదే పరికరంతో పరీక్షించిన రెండు కాంక్రీటుల మధ్య తేడా కొంత నమ్మదగినది. అర్హత పరీక్షకు కూలంబుల పద్ధతిని వదిలి, క్లోరైడు ఎంత లోతుకు చొచ్చుకుపోయిందో నేరుగా కొలిచే మైగ్రేషన్ పరీక్షను తీసుకున్నాం. కార్బొనేషన్ పరీక్షకు ముందు రెండు కాంక్రీటులకూ క్యూరింగ్ కాలాన్ని పొడిగించాం. ఈ పరీక్షలను ప్రతి ప్రాజెక్టులో కాక, ప్లాంటు స్థాయిలో మిశ్రమ కుటుంబానికి ఒకసారి చేయించి, మట్టి లేదా ఫ్లై యాష్ మూలం మారినప్పుడల్లా తిరిగి చేయించాలన్నాం. ఆ తర్వాత సైటులో పర్యవేక్షకుడు చూడాల్సింది స్లంప్, బ్యాచ్ రసీదు, క్యూబులు మాత్రమే. రోజువారీ పట్టు ఆయన చేతికి తిరిగి వచ్చింది.

56 రోజుల బలం చుట్టూ జరిగిన చర్చ కూడా ఇక్కడ చెప్పదగింది. పునాదులకు బలాన్ని 28 రోజులకు బదులు 56 రోజులకు కొలిస్తే మిశ్రమంలో బైండరు తగ్గుతుంది, ఉద్గారం తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. అమెరికా నిర్మాణ సంహిత ఏసీఐ 318 సహా పలు సంహితలు 28 కాకుండా వేరే వయసును ఎంచుకోవడానికి రూపకర్తకు ఎప్పటినుంచో వీలిస్తున్నాయి. అభ్యంతరం ఒక్కటే: లోపం 56వ రోజున తెలిస్తే ఏం చేస్తాం? దీనికి మేము కుదిర్చిన ఏర్పాటు, అర్హత దశలోనే ఆ మిశ్రమం 7 రోజుల, 28 రోజుల, 56 రోజుల బలాల మధ్య నిష్పత్తిని నమోదు చేయించడం. ఉత్పత్తిలో 7 రోజుల క్యూబు బలం, ఆ నిష్పత్తి ప్రకారం ఉండాల్సిన పట్టీ (పరిధి) లోంచి కిందికి జారితే అప్పుడే విచారణ మొదలవుతుంది. ఆ పట్టీ ప్రామాణిక ఉష్ణోగ్రతలో నిల్వచేసిన క్యూబులకే వర్తిస్తుందని స్పష్టంగా రాశాం. చల్లని వాతావరణంలో మిశ్రమ సిమెంటు సాధారణ సిమెంటు కంటే ఎక్కువగా నెమ్మదిస్తుంది కాబట్టి, షట్టరింగు విప్పడం వంటి నిర్ణయాలకు కట్టడం పక్కనే ఉంచిన క్యూబులను గానీ, కాంక్రీటు ఉష్ణోగ్రత నమోదు మీద ఆధారపడే మెచ్యూరిటీ పద్ధతిని గానీ వాడాలి. రోజుల సంఖ్యతో రాసిన పాత షట్టరింగు పట్టికను అక్కడితో తీసేశాం.

ట్రయల్ స్లాబు నేర్పినది

పత్రం ఖరారు కాకముందు ఒక రాఫ్టునూ ఒక స్లాబునూ కొత్త నిబంధనల కింద పోయించారు. రాఫ్టు సజావుగా సాగింది. స్లాబు ఉపరితలం మీద పోసిన కొద్ది గంటల్లోనే సన్నని బీటలు వచ్చాయి. బలం తక్కువైందన్న అనుమానం ముందుగా వచ్చినా, క్యూబులు బాగానే ఉన్నాయి. కాల్చిన మట్టి చాలా మెత్తనిది, నీటిని పట్టి ఉంచుతుంది. అందువల్ల పైకి తేలే బ్లీడింగ్ నీరు చాలా తక్కువ. సాధారణ కాంక్రీటులో ఆ నీటి పొర ఉపరితలాన్ని కొంతసేపు ఆరిపోకుండా కాపాడుతుంది. ఇక్కడ ఆ రక్షణ లేదు, గాలికి ఉపరితలం ముందే ఎండి కుంచించుకుపోయింది. మేస్త్రీలు అలవాటు ప్రకారం నీటి మెరుపు పోయాకే ఫినిషింగ్ మొదలుపెట్టాలని చూస్తూ కూర్చున్నారు. ఆ మెరుపు రానేలేదు.

ఇది సిమెంటు లోపం కాదు, క్యూరింగ్ క్లాజు లోపం. పాత క్లాజు క్యూరింగ్ ఎన్ని రోజులు చేయాలో చెప్పింది గాని ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పలేదు, ఎందుకంటే పాత సిమెంటుకు ఆ అవసరం అంతగా రాలేదు. కొత్త క్లాజు పోసిన వెంటనే ఆవిరిని ఆపే పొర, పొగమంచులా నీటి తుంపర, లేదా కప్పడం తప్పనిసరి చేసింది. క్యూరింగ్ ముగింపును రోజుల్లో కాక, చేరాల్సిన బలం శాతంలో రాసింది. సూపర్‌ప్లాస్టిసైజరు మోతాదును ప్లాంటు ట్రయల్‌లోనే స్లంప్ నిలుపుదలతో సహా తేల్చాలని కూడా అక్కడే చేర్చాం. కాల్చిన మట్టికి నీటి అవసరం ఎక్కువ. ఆ సంగతి ముందే తేలకపోతే సైటులో ఎవరో ఒకరు మిక్సర్‌లో నీరు పోస్తారు, ఆపై ఏ నిష్పత్తీ కాగితం మీదే మిగులుతుంది.

కార్బన్ పరిమితి ఎక్కడ పెట్టాలి

తక్కువ కార్బన్ స్పెసిఫికేషన్ అంటే ఘనమీటరుకు ఉద్గార పరిమితి మొదటి పేజీలో ఉండాలని సంస్థ నాయకత్వం ఆశించింది. కమిటీ దాన్ని చివర్లో పెట్టింది. పాత క్లాజులు అడ్డుగా ఉండగా పరిమితి ముందు వస్తే, ఉత్పత్తిదారుడికి మిగిలే సులభమైన దారి స్లాగ్‌ను దూరం నుంచి తెప్పించడం. ప్రపంచంలో తయారయ్యే మంచి స్లాగ్ ఇప్పటికే దాదాపుగా వాడకంలో ఉంది కాబట్టి, ఇక్కడికి వచ్చిన ప్రతి టన్ను వేరే చోట క్లింకరును తగ్గిస్తున్న టన్నే. కాగితం మీద సంస్థ ఉద్గారం తగ్గుతుంది, వాతావరణానికి ఒరిగేదేమీ ఉండదు. మట్టి, సున్నపురాయి అలాంటి కొరత ఉన్నవి కావు.

ఘనమీటరు అన్న కొలమానంలోనూ ఒక మోసం ఉంది. తక్కువ బలం కాంక్రీటుకు ఘనమీటరు ఉద్గారం తక్కువే, కానీ దానితో స్తంభం మందమైతే మొత్తం ఉద్గారం పెరగవచ్చు. అందుకని పరిమితులను బల తరగతుల వారీగా, ఉత్పత్తిదారుల పర్యావరణ ప్రకటనల (సరుకు ఉద్గారమెంతో చెప్పే పత్రాల) ఆధారంగా పెట్టి, పెద్ద పనుల్లో రూపకర్త మొత్తం కట్టడపు లెక్క కూడా ఇవ్వాలని అడిగాం. ప్రకటనలను ఈఎన్ 15804 పద్ధతిలో, ముడిసరుకు నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా ఉన్న దశలకు కోరాం. సైటు దాకా రవాణాను విడిగా చూపించమన్నాం, లేకపోతే దూరపు సరుకు తన ప్రయాణాన్ని దాచుకుంటుంది. పరిమితిని మొదటి దశలో కఠినంగా కాక, మామూలుగా వాడే మిశ్రమాల సగటు దగ్గర ఉంచాం. అప్పటికి అందరూ ప్రకటనలు సమర్పించడమే లక్ష్యం. తగ్గింపు ఆ తర్వాత ప్రకటించిన తేదీల ప్రకారం.

ఒక లెక్క కమిటీని ఎక్కువగా ఒప్పించింది. 350 కిలోల సాధారణ సిమెంటు ఉన్న ఘనమీటరుకు క్లింకరు వల్ల వచ్చే ఉద్గారం, పైన చెప్పిన 0.85 అంచనాతో, సుమారు 280 కిలోలు. అదే పరిమాణంలో 50 శాతం క్లింకరు సిమెంటు వాడితే క్లింకరు వాటా 150 కిలోలకు కొద్దిగా తక్కువగా ఉంటుంది, మట్టి కాల్చినందుకు దాదాపు 30 కలుపుకున్నా 180 దాటదు. కానీ తొందర బలం కోసం అదే సిమెంటును 420 కిలోలకు పెంచితే మొత్తం 215 చేరి, ఆదాలో మూడో వంతుకు పైగా కరిగిపోతుంది. సిమెంటు రకం మార్చడం ఎంత ముఖ్యమో, అనవసరమైన తొందర బలాన్ని అడగకపోవడమూ అంతే ముఖ్యమని ఈ మూడు అంకెలు చూపాయి. ఆ తర్వాత రూపకర్తల డ్రాయింగుల్లో 'ఈ భాగానికి ఎప్పటికి ఎంత బలం కావాలి' అనే గడి చేర్చడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

మరో చోట ఇదే పని చేపట్టేవారికి

ఏకాభిప్రాయంతో నడిచే కమిటీలో ప్రతి వ్యతిరేక ఓటుకూ కారణం రాయించడం మంచిదని నా అభిప్రాయం. మౌనంగా వ్యతిరేకించిన సభ్యుడు పత్రం వెలువడ్డాక దాన్ని ఆమోద లేఖల ద్వారా ఓడించగలడు. కారణం రాసినవాడు ఆ కారణానికి సమాధానం వచ్చాక దాదాపుగా ఎప్పుడూ పక్కకు తప్పుకుంటాడు. ఉత్పత్తిదారులు, రూపకర్తలు ఎలాగూ కమిటీకి వస్తారు. ప్రయోగశాల సాంకేతికుడినీ సైటు పర్యవేక్షకుడినీ మాత్రం పిలిచి కూర్చోబెట్టాలి, ఎందుకంటే పత్రాన్ని రోజూ చదివేది వారే. అర్హత పరీక్షల ఖర్చు చిన్న ప్లాంట్లకు భారమవుతుంది. ఈ కేసులో ఒకే మట్టి మూలం వాడే ప్లాంట్లు కలిసి పరీక్షలు చేయించుకునే వీలు ఇచ్చాక వాటి నుంచి దరఖాస్తులు రావడం మొదలయింది.

పత్రం అమలులోకి వచ్చింది. రాఫ్టులు, పైళ్లు, నేల గోడలు ఇప్పుడు ఎక్కువ వాదన లేకుండా కొత్త సిమెంటుతో పోస్తున్నారు. ప్రీస్ట్రెస్ భాగాలను (ముందే లాగి బిగించిన ఉక్కు తీగలున్నవాటిని) ఈ సవరణలో చేర్చలేదు. తీగలు వదిలే ముందు కావలసిన తొందర బలం, దీర్ఘకాలిక క్రీప్ (భారం కింద నెమ్మదిగా పెరిగే రూపమార్పు) మీద కమిటీకి తృప్తి కలిగించేంత సమాచారం లేదు. తడుస్తూ ఆరుతూ ఉండే సన్నని బయటి పలకలు పాత జాబితా కిందే ఉన్నాయి. వాటి కోసం రెండు రకాల సిమెంటుతో చేసిన నమూనాలను ఒక భవనం పైకప్పు మీద, వర్షం తగిలే చోట ఒకటి, తగలని చోట ఒకటి ఉంచి, కార్బొనేషన్ లోతును ఏటా కొలుస్తున్నారు. లోతు కాలపు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి మొదటి కొన్నేళ్ల కొలతలతోనే వాలు తెలుస్తుంది. ఆ వాలును బట్టి కవరు పెంచి అనుమతించడమా, మరికొంతకాలం ఆగడమా అన్నది తర్వాతి సవరణ కమిటీ నిర్ణయిస్తుంది.